పీడకలకు బీపీ మాత్ర

మందుల వెనక మనుషులు – 11వ భాగం

ఇద్దరు చెరో భుజం పట్టుకుని ఒక సైనికుణ్ణి గదిలోకి తీసుకొస్తారు. అతని కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఎముక విరగలేదు, నరం తెగలేదు, తూటా తగల్లేదు. అయినా నడవలేడు. మంచం మీద పడుకోబెట్టి డాక్టరు అతని నరంలోకి సోడియం అమిటాల్ ఎక్కిస్తాడు. కళ్ళు మూతలు పడతాయి. ఆ మగతలోనే డాక్టరు ఒక్కో ప్రశ్నా వేస్తుంటే సైనికుడు మనసులో ఉన్నదంతా బయటపెడతాడు. కాసేపటికి లేవమంటే లేస్తాడు, నడవమంటే నడుస్తాడు.

1945లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో, మేసన్ జనరల్ ఆసుపత్రిలో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ తీసిన దృశ్యం ఇది. సినిమా పేరు ‘లెట్ దేర్ బి లైట్’. అమెరికా సైన్యమే తీయించుకుంది, తీయించుకుని తనే దాచేసింది. మూడు దశాబ్దాలకు పైగా జనానికి చూపించలేదు. యుద్ధం గెలిచి వచ్చిన మగవాళ్ళు కెమెరా ముందు వెక్కి వెక్కి ఏడుస్తుంటే సైన్యానికి ఏం బాగుంటుంది?

గత భాగంలో రెండో ప్రపంచ యుద్ధపు ఉత్తరాఫ్రికా రంగంలో గ్రింకర్, స్పీగెల్ అనే డాక్టర్లు పెంటథాల్ సూదితో సైనికుల నోళ్ళు విప్పించిన వైనం చెప్పుకున్నాం. అదే కాలంలో ఇంగ్లండులో డంకర్క్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళకు విలియం సార్జెంట్ అనే డాక్టరు ఇచ్చిందీ ఇదే అమిటాల్. వాళ్ళంతా గుణం కనిపించిందనే రాశారు. అబద్ధం రాశారని నేననను. ఆ కుర్రాడు నడిచాడు, మనం కళ్ళారా చూస్తున్నాం. కానీ మర్నాడు నడిచాడా? ఆర్నెల్ల తర్వాత? సూది వెయ్యకుండా పక్క మంచం మీద ఉంచిన ఇంకో కుర్రాడు వారం రోజుల విశ్రాంతికి తనంతట తనే లేచి నడిచేవాడేమో, అది ఎవరు చూశారు? సూది వేసినా లేవనివాళ్ళ సంగతేమిటి, వాళ్ళని కెమెరా ముందుకు తెచ్చారా?

ఈ భాగమంతా ఆ ప్రశ్నల వెంటే నడుస్తుంది. మందు పనిచేసిందని చెప్పాలంటే ముందు ఆ మందు ఎవరి మీద పనిచేసిందో, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారో, ఎవరిని గుమ్మం బయటే ఆపేశారో చూడాలి. నేను చెప్పబోయే మాత్ర కథ ఈ ముక్క దగ్గరే ఎదురుదెబ్బ తింది.

ముందు జబ్బుకు పేరు పెట్టిన సంగతి. వియత్నాంలో దాదాపు 27 లక్షల మంది అమెరికన్లు పనిచేసి వచ్చారు. తిరిగొచ్చిన వాళ్ళకు రాత్రి నిద్రలేదు, పగలు నిలకడలేదు. ఆసుపత్రికి వెళితే ఒకాయన స్కిజోఫ్రీనియా అని రాసేవాడు, ఇంకొకాయన తాగుడు అని రాసేవాడు. 1970 దశకం మొదట్లో న్యూయార్క్‌లో మాజీ సైనికులు తమలో తాము కూర్చుని మాట్లాడుకునే గుంపులు పెట్టుకున్నారు. ఛైమ్ షాటన్, రాబర్ట్ లిఫ్టన్ అనే మానసిక వైద్యులు వాళ్ళ మధ్య కూర్చుని విన్నారు. డాక్టరు కుర్చీలో కాదు, గుంపులో ఒకరిగా. అలా మొదలైన పోరు పదేళ్ళు సాగి, 1980లో అమెరికన్ మానసిక వైద్యుల రోగ నిర్ణయ గ్రంథం మూడో కూర్పులో పోస్ట్ ట్రామటిక్ స్ట్రెస్ డిజార్డర్, పీటీఎస్‌డీ, అన్న పేరు అచ్చయింది. ఆ దశాబ్దం చివర్లో జరిపిన జాతీయ సర్వేలో వియత్నాం వెళ్ళొచ్చిన మగవాళ్ళలో 15.2 శాతం మందికి అప్పటికీ ఆ జబ్బు ఉందని తేలింది. యుద్ధం ముగిసి పదేళ్ళు దాటాక, ఇంకా ప్రతి ఆరేడుగురిలో ఒకరికి!

పేరు పెడితే ఏం ఒరిగింది అనకండి. మందును పరీక్షించాలంటే జబ్బుకు పొలిమేరలు ఉండాలి. ఎవడు లోపల, ఎవడు బయట అన్నది తేలాలి. ఆ తర్వాత కొలబద్ద కావాలి. జ్వరానికి థర్మామీటరు ఉంది, చక్కెరకు రక్తపరీక్ష ఉంది. పీడకలకు ఏముంది?

మన ఇళ్ళలో పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తే ఆంజనేయ దండకం చదివేవాళ్ళు, తలగడ కింద ఇనుప ముక్కో అట్లకాడో పెట్టేవాళ్ళు. మర్నాడు అమ్మమ్మ అడిగే ప్రశ్నలు రెండే: "రాత్రి మళ్ళీ వచ్చిందా? వచ్చాక పడుకున్నావా, తెల్లార్లూ మేలుకునే ఉన్నావా?" 1990లో అమెరికాలో మాజీ సైనికుల పీటీఎస్‌డీ జాతీయ కేంద్రం తయారుచేసిన కొలబద్దలో కలల గురించిన ప్రశ్న సరిగ్గా ఇదే. దాన్ని ముద్దుగా క్యాప్స్ అంటారు. ఆ తొలి కూర్పులో శిక్షణ పొందిన డాక్టరు ఎదురుగా కూర్చుని ఒక్కో లక్షణానికీ రెండు మార్కులు వేసేవాడు, ఎన్నిసార్లు అన్నదానికొకటి, ఎంత గట్టిగా అన్నదానికొకటి. కల నెలకు ఒకటి రెండుసార్లు వస్తే 1, దాదాపు ప్రతి రాత్రీ వస్తే 4. కల వచ్చినా మెలకువ రాకపోతే 1, భయంతో లేచి తేలిగ్గానే మళ్ళీ పడుకుంటే 2, నిద్ర పట్టడానికి తంటాలు పడితే 3, ఇక ఆ రాత్రికి నిద్రే లేకపోతే 4. రెండూ కలిపితే 8. తలుచుకుంటే వింతగా ఉంటుంది: ఒక మనిషి ఇరవై ఏళ్ళుగా ప్రతి రాత్రీ అనుభవిస్తున్న నరకం ఫారంలో ఎనిమిదికి ఏడు అయి కూర్చుంటుంది. కానీ ఆ అంకె లేకపోతే మందుకు పరీక్ష లేదు.

మొదటి పరీక్షలు చిన్నవి. 1988లో 34 మంది వియత్నాం సైనికులను చీటీ వేసినట్టు మూడు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు ఫెనెల్జిన్, ఒక జట్టుకు ఇమిప్రమిన్, మూడో జట్టుకు ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందులు రెండూ కాస్త పనిచేశాయి. కానీ ఫెనెల్జిన్ వేసుకునేవాడు నిలవ ఉంచిన చీజ్ తినకూడదు, తింటే బీపీ ఎగిసి ప్రాణం మీదికి వస్తుంది. రాత్రిళ్ళు నిద్రలేక, పగలు తాగుడుకు అలవాటుపడిన మనిషికి అన్ని పథ్యాలు చెప్పి మందివ్వడం డాక్టర్లకు కత్తిమీద సామే.

తర్వాత సెర్ట్రలిన్ వచ్చింది. 1999 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పీటీఎస్‌డీకి అధికారికంగా ఒప్పుకున్న మొట్టమొదటి మందు ఇదే. 2001లో పరాక్సిటిన్ రెండోది అయింది. ఆ జాబితా ఇప్పటికీ అక్కడే ఉంది, మూడో పేరు చేరలేదు. సెర్ట్రలిన్‌ను గెలిపించిన పరీక్షల్లో ఒకటి 2000లో అచ్చయింది. 187 మంది, 12 వారాలు. మందు వేసుకున్నవాళ్ళలో 53 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 32 శాతం మందికి. ఆ రెండో అంకె దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఏ మందూ లేని మాత్ర మింగి నూటికి 32 మంది తేరుకున్నారు. వారం వారం ఒకరు పిలిచి, కూర్చోబెట్టి, ఎలా ఉన్నారని అడిగితే మనిషి కొంత కోలుకుంటాడు. అందుకే పక్కన ఉత్తుత్తి మాత్ర లేని పరీక్షను నమ్మడానికి లేదు. మేసన్ ఆసుపత్రి కుర్రాడు గుర్తున్నాడా? అతనికి సూది ఒక్కటే దొరకలేదు, పక్కన కూర్చుని వినే మనిషి కూడా దొరికాడు.

ఆ 187 మందిలో నాలుగింట మూడొంతుల మంది ఆడవాళ్ళు, వాళ్ళలో చాలామందివి దాడుల తాలూకు, అత్యాచారాల తాలూకు గాయాలు. మరి యుద్ధానికి వెళ్ళొచ్చిన మగవాళ్ళ మాటేమిటి? వాళ్ళ మీదా పరీక్ష జరిగింది. 1990ల మధ్యలో 169 మంది మాజీ సైనికులను తీసుకున్నారు. సెర్ట్రలిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ తేడా తేలలేదు. ఆ ఫలితం అచ్చయింది ఎప్పుడనుకున్నారు? 2007లో. మందు ఆమోదం పొందిన ఏడెనిమిదేళ్ళకు. గెలిచిన పరీక్ష గుర్రమెక్కి వస్తుంది, ఓడిన పరీక్ష కాలినడకన వస్తుంది. ఇందులో ఎవరి తప్పెంతో నేను తేల్చలేను గానీ, ఆ మధ్యకాలంలో ఆ మాత్రలు మింగిన సైనికులను తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ ఇంకో పాయ కలుస్తుంది. మెదడు కాండంలో, వెన్నుకు కాస్త పైన, చిన్న నీలపు మచ్చ ఉంటుంది. లాటిన్‌లో లోకస్ సెరూలియస్ అంటారు, అంటే నీలి చోటు అనే. మెదడంతటికీ నారడ్రెనలిన్ అనే రసాయనాన్ని పంపేది ఇదే. చీకట్లో కాలికి మెత్తగా ఏదో తగిలి పామేమోనని గుండె ఝల్లుమన్నప్పుడు మోగేది ఈ గంటే. మామూలు మనిషిలో కలలొచ్చే నిద్రలో ఈ గంట దాదాపు నిశ్శబ్దమైపోతుంది. పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళలో అది సరిగ్గా ఊరుకోవడం లేదేమో అన్నది ఒక అనుమానం.

ఆ అనుమానాన్ని పట్టుకుని యేల్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ సౌత్‌విక్ బృందం చేసిన ప్రయోగం 1993లో అచ్చయింది. ఆఫ్రికాలో దొరికే ఒక చెట్టు బెరడు నుంచి వచ్చే యోహింబిన్ అనే పదార్థం నారడ్రెనలిన్‌ను ఎగదోస్తుంది. దాన్ని 20 మంది వియత్నాం సైనికుల నరాల్లోకి ఎక్కించారు. 14 మందికి గుండెలు అదిరే భయం పట్టుకుంది. 8 మందికి యుద్ధం కళ్ళ ముందుకొచ్చింది. జ్ఞాపకంగా కాదు, మళ్ళీ అక్కడే ఉన్నట్టు. నాటి హెలికాప్టరు, నాటి కేకలు. ఒక సూదితో ఇరవై ఏళ్ళు వెనక్కి. వాళ్ళు ఒప్పుకునే చేయించుకున్నారు, పక్కన డాక్టర్లున్నారు, నిజమే. అయినా ఆ వ్యాసం చదువుతుంటే నాకు కుదురుగా ఉండదు. మానిన పుండును గిల్లి లోపల చీము ఉందో లేదో చూసినట్టుంటుంది. కానీ ఆ గిల్లుడు ఒక మాట తేల్చింది: ఆ జ్ఞాపకానికి తాళంచెవి ఈ రసాయనం దగ్గర ఉంది. ఎగదోస్తే తెరుచుకుంటే, అడ్డుపెడితే మూసుకుంటుందా?

మనం ఇప్పుడు సియాటిల్ వెళ్ళాలి.

మర్రీ రాస్కిండ్ అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో మానసిక వైద్యుడు. ఆయన అసలు పని ముసలివాళ్ళతో. అల్జైమర్స్ రోగుల మెదడులో నారడ్రెనలిన్ ఏం చేస్తోందన్నది ఆయన, సహోద్యోగి ఎలైన్ పెస్కిండ్ చాలాకాలంగా చూస్తున్న విషయం. కాబట్టి ఆ రసాయనం ఆయనకు పాత చుట్టమే. యుద్ధకాలపు పీడకలలతో బాధపడుతున్న ఇద్దరు మాజీ సైనికులకు ప్రోస్టేట్ ఇబ్బంది వచ్చింది. మూత్రం సాఫీగా రావడానికి ప్రాజోసిన్ ఇచ్చారు. మూత్రం సంగతి సరే, అనుకోకుండా పీడకలలు తగ్గాయి.

ప్రాజోసిన్ కొత్తదేమీ కాదు. ఫైజర్ కంపెనీ తయారుచేసిన బీపీ మాత్ర. అమెరికాలో 1976 నుంచి మినిప్రెస్ పేరుతో దొరుకుతోంది. మన మందుల షాపుల్లోనూ ఆ పేరుతోనే అడుగుతారు. అది చేసే పని చిన్నది. నారడ్రెనలిన్ వచ్చి రక్తనాళాల గోడల మీద తలుపు తడితే నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. ప్రాజోసిన్ ముందే వెళ్ళి ఆ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వచ్చిన చుట్టం లోపలికి రాలేక వెనుదిరుగుతాడు. ఇదే జాతికి చెందిన చాలా మందుల కన్నా ఇది మెదడులోకి తేలిగ్గా చేరుతుంది. చేరి అక్కడి గుమ్మాల్లోనూ కూర్చుంటుంది.

ఈ మాత్ర సంగతి నాకు పుస్తకాల కన్నా ముందు మా ఇంట్లో తెలిసింది. తెనాలిలో మా పెదనాన్నకు ప్రోస్టేట్ వాచి, రాత్రికి ఆరుసార్లు లేవాల్సి వస్తోందంటే డాక్టరు ఇది రాశాడు. రాసినవాడు ఇంకో మాట చెప్పలేదు. మొదటి రాత్రి రెండింటికి మా పెద్దమ్మ ఫోను. "మీ పెదనాన్న మంచం దిగబోయి గడప మీద పడిపోయారురా, నుదురు చిట్లింది." మొదటి మాత్రకు బీపీ ధబాలున పడిపోవడం ఈ మందుకు పుట్టుకతో వచ్చిన గుణమని, అందుకే పడుకోబోయే ముందు చిన్న మోతాదుతో మొదలుపెట్టాలని, లేచేటప్పుడు కాసేపు మంచం అంచున కూర్చుని మరీ లేవాలని మాకు తర్వాత తెలిసింది. 1970ల నుంచీ డాక్టర్లకు తెలిసిన విషయమే. పెదనాన్న మాత్రం నుదుటి మచ్చను వచ్చినవాళ్ళందరికీ చూపించి, "బీపీ తగ్గిందో లేదో గానీ నేను మాత్రం బాగా తగ్గాను" అనేవారు.

రాస్కిండ్ ఆ గుణాన్ని దృష్టిలో పెట్టుకునే మెట్లు మెట్లుగా ఎక్కించాడు. పడుకునే ముందు 1 మిల్లీగ్రాముతో మొదలు. రెండు మూడు రాత్రుల తర్వాత 2. అక్కణ్ణించి బీపీ చూసుకుంటూ, మనిషిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి కొలుచుకుంటూ పైకి. 2000లో నలుగురి కథ అచ్చు వేశాడు. 5 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న ఇద్దరికీ యుద్ధపు కల పూర్తిగా పోయింది. తక్కువ మోతాదు దగ్గరే ఆగిపోయిన ఇద్దరికి సగానికి తగ్గింది. నాకు నచ్చిన ముక్క ఇంకొకటుంది. కలలు పోలేదు, మామూలు కలలు తిరిగొచ్చాయి. పీటీఎస్‌డీ పీడకల మనందరికీ వచ్చే పీడకల లాంటిది కాదు. పరీక్ష హాలుకు వెళితే పెన్ను లేకపోవడం, రైలు తప్పిపోవడం, ఇలాంటి కలగాపులగం కాదు. జరిగినది జరిగినట్టే ప్రతి రాత్రీ మళ్ళీ ఆడుతుంది. అలాంటి మనిషి పొద్దున్నే లేచి, అర్థంపర్థంలేని చెత్త కల ఒకటి వచ్చిందని చెప్పడం డాక్టరు చెవులకు ఎంత ఇంపుగా ఉండి ఉంటుంది!

నలుగురి కథ పరీక్ష కాదు. అది ఆయనకూ తెలుసు. 2003లో పదిమంది వియత్నాం సైనికులతో 20 వారాల పరీక్ష నడిపాడు. పదిమందితో ఏం తేలుతుంది అనిపిస్తుంది. ఇక్కడో కిటుకు ఉంది. సగంమందికి ముందు ప్రాజోసిన్, తర్వాత ఉత్తుత్తి మాత్ర; మిగతా సగానికి ముందు ఉత్తుత్తిది, తర్వాత అసలుది. ఏది ఎప్పుడిస్తున్నారో ఇచ్చేవాడికీ తెలియదు, మింగేవాడికీ తెలియదు. ప్రతి మనిషినీ అతనితోనే పోలుస్తారు. సగటున 9.5 మిల్లీగ్రాముల దగ్గర పీడకల మార్కులు దిగాయి, నిద్ర పెరిగింది. 2007లో 40 మందితో మళ్ళీ గెలుపు, కలల్లోనూ నిద్రలోనూ. పగటి లక్షణాలన్నీ కలిపిన మొత్తం మార్కులో మాత్రం తేడా గట్టిగా నిలవలేదు. మందు ప్రభావం రెండు మూడు గంటలకు సగానికి తగ్గిపోతుంది, రాత్రి వేసిన మాత్ర పగటికి ఏం మిగులుతుంది? అందుకని 2013లో ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చి ఇంకా కొలువులోనే ఉన్న 67 మంది సైనికుల మీద పరీక్షించినప్పుడు పొద్దున పదింటి వేళ ఒక చిన్న మోతాదు కలిపారు. మగవాళ్ళకు పగలు 5, రాత్రి 20 మిల్లీగ్రాముల దాకా వెళ్ళారు. పెదనాన్న మింగింది 1. ఈసారి మొత్తం మార్కు కూడా మెరుగైంది.

ఈలోగా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో డాక్టర్లు పరీక్షలు ముగిసేదాకా ఆగలేదు. మాత్ర పాతది, చవక, ఏం ఇబ్బందులొస్తాయో తెలుసు. వేలమందికి రాసిపారేశారు. 2010లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం కూడా గట్టిగా సిఫారసు చేసింది. కంపెనీలకు మాత్రం దీని మీద ఆసక్తి లేదు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన మందుకు కోట్లు పోసి పెద్ద పరీక్ష చేయించి ఎఫ్‌డీఏ గుమ్మం ఎక్కే పని ఏ వ్యాపారికి గిట్టుబాటవుతుంది? చివరికి ప్రభుత్వమే పూనుకుంది. మాజీ సైనికుల శాఖ 13 కేంద్రాల్లో, 304 మందితో, 26 వారాల పరీక్ష నడిపింది. 152 మందికి మందు, 152 మందికి ఉత్తుత్తిది. సారథి రాస్కిండే.

2018 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది. తేడా లేదు. పది వారాలకు లేదు, ఇరవై ఆరు వారాలకూ లేదు. పీడకలల్లో లేదు, నిద్రలో లేదు.

వ్యాసం మీద మొదటి పేరు ఆయనదే. ఇరవై ఏళ్ళు మోసిన మాత్ర ఓడిందని తన పేరుతోనే అచ్చు వేయించాడు. ఆయన మీద నాకున్న గౌరవం గెలిచిన మూడు పరీక్షల వల్ల వచ్చింది కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ 304 మంది ఎవరు? పరీక్షలో చేరాలంటే పరిస్థితి నిలకడగా ఉండాలి. ఇల్లూ వాకిలీ చెదిరిపోయిన దశలో ఉన్నవాళ్ళను, తక్షణం సాయం కావలసినవాళ్ళను తీసుకోలేదు. అది న్యాయమే. ఆరునెలలు ఉత్తుత్తి మాత్ర మింగే అవకాశం సగానికి సగం ఉన్నచోటికి, రాత్రికి రాత్రి ఏం చేసుకుంటాడో తెలియని మనిషిని ఏ డాక్టరు పంపుతాడు? పైగా ప్రాజోసిన్ అప్పటికే ఏ గదిలో అడిగినా దొరుకుతోంది. కలలతో అల్లాడిపోతున్నవాణ్ణి పరీక్షకు పంపేబదులు డాక్టరు చీటీ మీద రాసిచ్చేస్తాడు. అలా ఎవరికి ఆ మందు ఎక్కువ అవసరమో, ఎవరి మీద అది ఎక్కువ పనిచేయవచ్చో, వాళ్ళు గుమ్మం బయటే మిగిలిపోయి ఉండవచ్చని రచయితలే రాశారు. ఇది ఓడినవాడి సాకు కావచ్చు. కాకపోవచ్చు. మొదటి మాటను కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. ముందరి పరీక్షలన్నీ చిన్నవి, ఎక్కువగా ఒకే మనిషి చుట్టూ జరిగినవి. చిన్న పరీక్షల్లో గెలిచి పెద్దదానిలో చతికిలబడిన మందులు వైద్యచరిత్రలో కోకొల్లలు. అదే పరీక్షలో ఓ పక్కన పడి ఉన్న ఇంకో అంకె కూడా చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనలు కొత్తగా మొదలవడమో, ఉన్నవి ముదరడమో ఉత్తుత్తి జట్టులో 15 శాతం మందిలో కనిపిస్తే, ప్రాజోసిన్ జట్టులో 8 శాతం మందిలో కనిపించింది. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఎవరూ ఊరేగలేదు, ఊరేగకూడదు కూడా.

నిద్ర వైద్యుల సంఘం అదే ఏడాది తన సిఫారసును ఒక మెట్టు దించింది, వాడితే వాడవచ్చు అన్న దగ్గరికి. అమెరికా రక్షణ, మాజీ సైనికుల శాఖల మార్గదర్శకాలు 2017లో అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. 2023 కూర్పులో మళ్ళీ మొగ్గు మారింది, పీటీఎస్‌డీ పీడకలలకు ప్రాజోసిన్‌ను బలహీనంగానైనా సూచించారు. కోర్టు వాయిదాల్లా సాగుతోంది వ్యవహారం. ఎఫ్‌డీఏ ముద్ర మాత్రం ఇప్పటికీ లేదు. ఇది చదివి ఇంట్లో ఎవరి బీపీ మాత్రో తీసి ఎవరికో వెయ్యకండి. గడపలు ఉన్నాయి, నుదుళ్ళు ఉన్నాయి. వేసుకున్నవాళ్ళకు కూడా ఇది గాయాన్ని మాన్పదు, మింగిన రాత్రికి కాపలా కాస్తుంది, అంతే. ఆపేస్తే కల తిరిగొస్తుంది.

2013 నాటి 67 మంది సైనికుల ఫైళ్ళను రాస్కిండ్ బృందం మళ్ళీ తిరగేసింది. ఎవరికి మందు బాగా పట్టింది, ఎవరికి పట్టలేదు? తేడా చూపింది ఒకటి: మందు మొదలుపెట్టకముందు నిలబెట్టి తీసిన బీపీలో పై అంకె. అది ఎంత ఎక్కువుంటే ప్రాజోసిన్ అంత బాగా పనిచేసింది. 2016లో అచ్చయింది ఇది. బీపీ ఎక్కువుంటే ఒంట్లో నారడ్రెనలిన్ గంట గట్టిగా మోగుతోందని అర్థం కావచ్చు, అలాంటివాళ్ళకే ఆ గంటను అడ్డుకునే మందు అవసరమై ఉండవచ్చు. ఇంకా రుజువు కావలసిన మాటే. పీటీఎస్‌డీ అన్న ఒక్క పేరు కింద, 1980లో అంత పోరాడి సంపాదించుకున్న ఆ పేరు కింద, రెండు మూడు రకాల మనుషులు ఉన్నారేమో. వాళ్ళందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి సగటు తీస్తే తేడా కనిపించకపోవడంలో వింతేముంది?

ఆ అంకె కోసం ఎవరూ వెతకలేదు. మాత్ర మింగి ఎవరైనా పడిపోతారేమోనన్న జాగ్రత్తకు, వచ్చిన ప్రతిసారీ చేతికి పట్టీ చుట్టి కొలిచి, ఫారంలో ఒక మూల రాసి పెట్టుకున్నదది.

(వచ్చే భాగంలో: 1912లో ఒక జర్మన్ కంపెనీ తయారుచేసి పక్కన పడేసిన రసాయనం, డ్యాన్సు క్లబ్బుల మీదుగా ప్రయాణం చేసి, 2024 జూన్‌లో ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకు పీటీఎస్‌డీ మందుగా వచ్చి 9–2, 10–1 ఓట్లతో ఓడిన వైనం. ఎండీఎంఏ కథ.)